ఖాళీ అని చూపిన హాలు

బిల్డింగ్ ఆటోమేషన్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. రిటైరై కడపలో ఇంటి పట్టున ఉన్నదాన్ని కదా, తీరిగ్గా మాట్లాడతానని వాళ్ళ నమ్మకం. "మేడమ్, మీరు చేసినవాట్లో బాగా గుర్తుండిపోయిన బిల్డింగ్ ఏది?" అని అడుగుతారు. హైదరాబాదులో ఏ అద్దాల మేడ పేరో చెబుతానని ఎదురుచూస్తారు. నేను కర్నూలు ఆసుపత్రి అంటాను. ఏమంత ప్రత్యేకం అంటే, అందులో రెండో అంతస్తులో ఒక హాలుంది అని మొదలుపెడతాను. అంతలో అవతలివాళ్ళకు ఏదో మీటింగ్ గుర్తొస్తుంది. నాక్కూడా ఆగిపోవడం హాయిగానే ఉంటుంది. ఈసారి ఎవరూ ఫోన్ పెట్టేయడానికి లేకుండా రాస్తున్నాను.

మాది జమ్మలమడుగు వైపు నేత ఇల్లు. ఎండాకాలం వడగాలికి నూలు పెళుసై తెగుతుందని మగ్గం గది కిటికీలు మూసేసేవాళ్ళు. ఆ గదిలో చెమటలు కక్కుతూ నేసే నాన్నను చూస్తూ పెరిగాను. పెద్దయ్యాక చల్లని గదిలో కూర్చునే పని చేస్తానని అనేదాన్నట. అట్లే చేశాను. ఎలక్ట్రికల్ చదివి, హైదరాబాదులో చాలా ఏళ్ళు పెద్ద పెద్ద ఆఫీసు భవనాలకు కంట్రోల్ సిస్టమ్స్ పెట్టి, చివరి ఉద్యోగం సొంత ఊరికి దగ్గరగా ఉంటే బాగుంటుందని కర్నూలు వచ్చాను. హైవే పక్కన కొత్తగా కట్టిన ప్రైవేటు ఆసుపత్రి అది. భవనం నడిపే వ్యవస్థ మొత్తానికి నేనే బాధ్యురాలిని.

ఈ పని తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. పెద్ద భవనంలో ఏసీలు, లైట్లు, ఫ్యాన్లు, నీళ్ళ మోటార్లు, లిఫ్టులు, నిప్పు అంటుకుంటే మోగే గంటలు, అన్నిటినీ ఒకే కంప్యూటర్‌కు కలపడం మా పని. ఏ గదిలో ఎంత వేడి ఉంది, ఏ మోటారు తిరుగుతోంది అన్నది బేస్‌మెంట్‌లో కూర్చుని తెర మీద చూడొచ్చు. ముందుగా నియమాలు రాసిపెడితే చాలు, మనిషి చెయ్యి పడకుండానే భవనం తన పని తాను చేసుకుపోతుంది. మా ఆసుపత్రిలో జనం తిరిగే చోట గోడలకు స్విచ్చులే ఉండేవి కావు. వద్దని తీయించింది నేనే. గోడలు శుభ్రంగా ఉంటాయి, ఎవరు పడితే వాళ్ళు నొక్కరు అని నా వాదన.

నా కింద ఒక ఏసీ మెకానిక్ ఉండేవాడు. కర్నూలు పాతబస్తీ మనిషి, ఇంచుమించు నా ఈడువాడే. అందరం భాయ్ అనేవాళ్ళం. నా పైన జనరల్ మేనేజరు. హోటళ్ళు నడిపి వచ్చిన మనిషి, చురుకైనవాడు, చెడ్డవాడు కాదు. ఆయన దిగులంతా కరెంటు ఖర్చు మీదే. ఆ ఏడు ఎండలు ముందే మొదలయ్యాయి. కర్నూలు ఎండ సంగతి ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఒకరోజు ఆయన నన్ను పిలిచి, "మేడమ్, మనుషులు లేని గదులకు కూడా చల్లగాలి పంపిస్తున్నాం. ఏదైనా చేయండి" అన్నాడు.

చేశాను. గది పైకప్పుకు అతికించే సెన్సర్లు, చిన్న తెల్లని గుబ్బలు, తెప్పించాను. కింద మనిషి కదిలితే అది పసిగడుతుంది. కాసేపు ఏ కదలికా లేకపోతే కంప్యూటర్ ఆ గది ఏసీ, ఫ్యాన్లు ఆపేస్తుంది. ఎవరైనా లోపలికి అడుగు పెట్టగానే మళ్ళీ మొదలెడుతుంది. ఆఫీసు గదుల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. లెక్కల విభాగంలో ఒకాయన మధ్యాహ్నం తలుపేసుకుని కునుకు తీసేవాడు. గాలి ఆగిపోయి, చెమటకు మెలకువ వచ్చి, లేచి చేతులు ఊపేవాడు. అద్దంలోంచి చూసి ఆ విభాగమంతా నవ్వేది. ఆ ముచ్చట నేను భోజనాల దగ్గర ఎంతమందికి చెప్పానో. నిద్రపోయే మనిషి నా యంత్రానికి కనబడడన్న సంగతి అప్పుడే నా కళ్ళ ముందుంది. నేను నవ్వి ఊరుకున్నాను.

అదే గుబ్బల్ని రెండో అంతస్తు హాలులో కూడా పెట్టించాను. ఐసీయూ పక్కనే ఉండే హాలు అది, లోపలున్న రోగుల తాలూకు వాళ్ళు వేచి ఉండడానికి కట్టింది. కోసిగి, ఆదోని, పత్తికొండ, శ్రీశైలం అడవి వైపు పల్లెలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు అక్కడే రోజుల తరబడి ఉండేవాళ్ళు. పడమటి గోడ మొత్తం అద్దమే. తెరుచుకునే కిటికీ ఒక్కటీ లేదు. ఏసీ ఉన్నంతసేపూ అందమైన హాలు. గుబ్బలు బిగించిన రోజు నేనూ మా కుర్రవాళ్ళూ అక్కడ అటూ ఇటూ నడిచి పరీక్షించాం. అడుగు వేసిన చోటల్లా పట్టుకుంది. పాస్ అని సంతకం పెట్టాను. మాలో ఒక్కరూ కింద పడుకుని చూడలేదు. ఏదో కబురు కోసం ఎదురుచూసే మనిషి ఎట్లా కూర్చుంటాడో మాకు తట్టనే లేదు.

తెర మీద ఆ గుబ్బ చెప్పేది ఒకటే మాట, కదలిక ఉంది లేదా కదలిక లేదు. ఆ రెండో మాట నాకు చప్పగా అనిపించింది. మేనేజరుకు చూడగానే అర్థం కావాలని, కదలిక లేదు అన్నచోట 'ఖాళీ' అని నేనే మార్చాను. ఆ తర్వాత ఇంకో పని చేశాను. గది వేడెక్కితే కంట్రోల్ రూములో గంట మోగుతుంది. ఖాళీ గదులకు మాత్రం మోగకుండా ఆపేశాను. ఎవరూ లేని గది వేడెక్కితే ఎవరికి నొప్పి అనుకున్నాను.

కొన్నాళ్ళకు ఐసీయూ నర్సుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "హాలులో గాలి రావట్లేదని గొడవ చేస్తాండారు మేడమ్." భాయ్‌ని పంపేదాన్ని. అతను వెళ్ళి తలుపు తీసేసరికి గాలి వస్తూనే ఉండేది. గాలిరంధ్రాల దగ్గర చెయ్యి పెట్టి చూసి తిరిగొచ్చేవాడు.

"బాగనే వస్తాండాది మేడమ్. నేను నిలబడి సూసినా."

"మరి వాళ్ళెందుకట్లా అంటున్నారు?"

"ఏమో మేడమ్. ఇప్పుడే వచ్చింది, ఇంతసేపూ లేదు అంటారు. నేను పోయినప్పుడల్లా అదే మాట."

మూడు నాలుగుసార్లు ఇట్లాగే జరిగింది. చివరిసారి మేనేజరు కూడా నా గదిలో ఉన్నాడు. నేను తెర మీద ఆ హాలు వరుస చూపించి, "చూడండి సార్, అసలు మధ్యాహ్నాలు అక్కడ మనుషులే ఉండరు" అన్నాను. అక్కడితో ఆగలేదు. "ఇండ్లల్లో ఫ్యానుకు గతిలేనోళ్ళకు ఈడికొచ్చినాక ఏసీ చాల్లేదంట" అన్నాను.

హైదరాబాదులో అన్నేళ్ళున్నా రాని మా ఊరి యాస ఆ మాటకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. మేనేజరు నవ్వాడు. హాలులో జనాన్ని చూసి వచ్చిన భాయ్ కూడా నా మాట కాదనకుండా నవ్వాడు. మగ్గం గదిలో పుట్టి పెరిగిన మనిషి నోటి నుంచి ఆ మాట వచ్చిందని ఆ గదిలో తెలిసింది నాకొక్కదానికే. నాకూ ఆ క్షణాన గుర్తు లేదు.

ఆ తర్వాత ఫోన్లు తగ్గిపోయాయి. చెప్పి లాభం లేదని నర్సులు మానుకున్నారని నాకు తట్టలేదు. సమస్య సర్దుకుందని అనుకున్నాను. నెలాఖరు సమావేశంలో నేనే ఒక సలహా ఇచ్చాను. రెండో అంతస్తు హాలు మధ్యాహ్నమంతా ఖాళీగా పడి ఉంటోంది, సగం హాలుకు అడ్డుగోడ కట్టి ఇన్సూరెన్స్ పనులు చూసే విభాగానికి ఇవ్వొచ్చు అన్నాను. తెర మీద ఆ హాలు గ్రాఫు ఫోటో తీసి చూపించాను. నర్సులెవరూ లేని ఆ సమావేశంలో అందరికీ నచ్చింది. స్థలం కోసం కొట్టుకుంటున్న ఆసుపత్రిలో ఊరికే పడి ఉన్న హాలు కనిపెట్టినందుకు మెచ్చుకున్నారు కూడా.

కొలతలు తీసుకోవడానికి వెళ్ళింది మే నెలలో ఒక మధ్యాహ్నం. మేనేజరు, అడ్డుగోడ కట్టే కాంట్రాక్టరు, భాయ్, నేను. గుబ్బలు బిగించాక నేను ఆ హాలుకు వెళ్ళడం అదే మొదలు. లిఫ్టు దిగి చల్లని వరండాలో నడుస్తూ, ఎక్కడ తలుపు పెట్టాలి, ఎక్కడ కౌంటర్ రావాలి అని మాట్లాడుకుంటున్నాం. నా చేతిలో ఫోన్ ఉంది. కంట్రోల్ రూము తెర నా ఫోన్‌లోనూ కనబడుతుంది. తలుపు దగ్గర కూడా చూశాను. ఖాళీ అనే ఉంది.

భాయ్ తలుపు తోశాడు. లోపలి వేడి ముఖానికి కొట్టింది. వంటగదిలో పొయ్యి మీది గిన్నె మూత తీసినట్టు, అంత వేడి. ఆ వెంటనే మనుషులు కనబడ్డారు. హాలు నిండా మనుషులు. కుర్చీల్లో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నవాళ్ళు, గోడకు చేరగిలబడి మోకాళ్ళ మీద తల పెట్టుకున్నవాళ్ళు, బండల మీద తడిగుడ్డ పరుచుకుని పడుకున్నవాళ్ళు. పిల్లలు సైతం తల్లుల పక్కన సోలిపోయి ఉన్నారు. ఎవరూ కదలడం లేదు. కదిలే ఓపిక ఎవరికీ ఉన్నట్టు లేదు.

మేము అడుగు పెట్టిన కాసేపటికి పైన ఫ్యాన్లు తిరగడం మొదలెట్టాయి. గాలిరంధ్రాల్లోంచి సర్రుమని చల్లగాలి వచ్చింది. నా ఫోన్లో 'ఖాళీ' పోయింది.

జనం ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు. గోడ దగ్గర కూర్చున్న ఒక ముసలామె మమ్మల్ని చూసి లేచి నిలబడబోయింది. ఎర్రని ముతక చీర, మెడలో పసుపుతాడు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"మీరొస్తానే గాలొచ్చె సూడు తల్లీ. పెద్దోళ్ళు వస్తే గానీ రాదు ఇది. రోజూ ఒకసారి వచ్చిపోండమ్మా, మీకు పున్నెముంటాది."

చుట్టూ ఉన్న ఇంకొందరు కూడా దండాలు పెట్టారు. భాయ్‌ని గుర్తుపట్టిన ఒకామె, "ఈయప్ప మంచోడు. వచ్చినప్పుడల్లా గాలి తెస్తాడు" అంది. భాయ్ ముఖం నేను చూడలేదు. చూసే ధైర్యం లేదు. కాంట్రాక్టరు టేపు సగం బయటికి లాగి, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయాడు. మేనేజరు, "ఏంటి మేడమ్ ఇది?" అని నెమ్మదిగా అడిగి, తన ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. కాంట్రాక్టరు ఆయన వెంటే వెళ్ళాడు.

నేను వెళ్ళలేకపోయాను. ముసలామె తన పక్కన బండ మీది మూట జరిపింది.

"కాసేపు ఈడ కూచో తల్లీ. నువ్వుంటే గాలి పోదు."

కూర్చున్నాను. భాయ్ తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె మాట్లాడుతూ ఉంది. కోసిగి అవతల పల్లె వాళ్ళది. వానల్లేక సేద్యం విడిచి, కొడుకు బెంగళూరులో భవనాల పనికి పోయాడు. పండక్కి వచ్చి మళ్ళీ పోయినవాడు అక్కడ గోడలకు కట్టే సారవ కర్రల మీంచి జారి పడ్డాడు. ఆ ఊళ్ళో ఖర్చు మోయలేక ఇక్కడికి తెచ్చుకున్నారు. తల పగిలి లోపల ఐసీయూలో ఉన్నాడు. ఆమె పక్కనే తువ్వాలు ముఖాన కప్పుకుని పడుకున్న భర్తను చూపించి, "ఈయప్ప నాలుగు దినాలుగా కన్ను మూయలే. ఇప్పుడే నిద్ర పట్టినట్టుండాది. లేపొద్దులే అని ఊరుకున్నా" అంది.

నేను వింటూ కదలకుండా కూర్చున్నాను. ఆమె మాటలు ఆగిపోయాయి. జనం మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. కొంతసేపటికి పైన ఫ్యాన్ల వేగం తగ్గింది. రెక్కలు విడివిడిగా కనబడి, మెల్లగా ఆగిపోయాయి. గాలి చప్పుడు కూడా పోయింది. ఫోన్ తీసి చూశాను. ఖాళీ.

ఎన్నో ఏళ్ళు ఈ పని చేసినదాన్ని, ఆ గుబ్బ ఎట్లా పనిచేస్తుందో నాకు తెలియనిది కాదు. మనిషి ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా ఉంటేనే దానికి మనిషి కనబడతాడు. గది వేడెక్కేకొద్దీ ఆ తేడా పోతుంది. అప్పుడు మనిషి లేచి చెయ్యి ఊపినా దానికి అందకపోవచ్చు. చల్లని వరండాలోంచి వచ్చిన మమ్మల్ని మాత్రం ఇట్టే పట్టుకుంది. ఎంత ఉక్కపోస్తే అంతగా ఆ హాలులో మనుషులు నా తెర మీంచి మాయమవుతూ వచ్చారు. ఇదంతా పుస్తకంలో చదివిందే. పరీక్షలో రాసిందే.

"మళ్ళా పాయ" అంది ముసలామె, గాలి గురించి. కోపంగా కాదు. వాన గురించి అన్నట్టు అంది. "ఈయప్పకు రొన్ని నీళ్ళన్నా తాపుదాం" అని సీసా తీసి భర్త ముఖం మీది తువ్వాలు లాగింది.

అతని ముఖం ఎర్రగా కంది ఉంది. నోరు తెరుచుకుని ఉంది. అంత ఉక్కలో ఒంటి మీద ఒక్క చెమట చుక్క లేదు. ఆమె భుజం పట్టుకుని ఊపింది. పలకలేదు. నేను నుదుటి మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాను. కాలిపోతోంది.

"భాయ్!" అని అరిచాను. అతను పరిగెత్తుకొచ్చి ముసలాయనను రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. మేము కదిలేసరికి ఫ్యాన్లు మళ్ళీ తిరిగాయి.

కింద ఎమర్జెన్సీలో ఉన్న కుర్ర డాక్టరమ్మ ఒళ్ళు పట్టుకుని చూసి, ఐసు తెమ్మని నర్సును తరిమి, నా వైపు తిరిగింది. "వడదెబ్బ. ఎక్కడ పనిచేస్తున్నాడు ఎండలో? ఎక్కణ్ణుంచి తీసుకొచ్చారు?"

"పైనుంచి" అన్నాను. "మన హాలులోంచే."

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి పనిలో పడిపోయింది.

బయట బల్ల మీద భాయ్ కూర్చున్నాడు. చొక్కా అంతా తడిసి ఉంది. నన్ను చూసి లేవలేదు. ఎప్పుడూ లేచేవాడు.

"నేను తలుపు తీస్తే గాలొస్తాండె మేడమ్" అన్నాడు. "అది సూసి ఎనక్కి వచ్చేస్తాంటి. వాళ్ళది అబద్ధమనుకుంటి. ఒక్క దినమన్నా ఆడ పది నిమిషాలు కూచోని ఉంటే..."

"నేనైతే ఒక్కసారి కూడా పోలేదు భాయ్."

అతను తల ఊపాడు. నన్ను ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే న్యాయం అనిపించింది.

ఆ సాయంత్రమే హాలును కంప్యూటర్ నుంచి తప్పించాం. భాయ్ గోడకు మామూలు స్విచ్చు ఒకటి బిగించాడు, చిన్నపిల్లలకు కూడా అందేంత కిందికి. సర్వీసు కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్ళ మనిషి దూరం నుంచే అంతా పరిశీలించి, "సెన్సర్లలో ఏ లోపం లేదు మేడమ్, సరిగ్గానే పనిచేస్తున్నాయి" అన్నాడు. నిజమే. యంత్రం కదలిక లేదు అనే చెప్పింది. ఖాళీ అన్నది నేను.

మేనేజరు మరుసటి రోజు నా గదికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. "సెన్సర్ ఫాల్ట్ అని రాసేద్దాం మేడమ్. కంపెనీ మీదికి పోతుంది. మీకూ, ఆసుపత్రికీ ఇబ్బంది ఉండదు" అన్నాడు. నా మేలు కోరే అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా నియమం తప్పని, గంట ఆపింది నేనేనని రాసి ఇచ్చాను. దాన్ని ఎవరు చదివారో, ఎక్కడ పెట్టారో తెలియదు. నన్ను పిలిచి ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. అడ్డుగోడ ప్రస్తావన మాత్రం మళ్ళీ ఎవరూ తేలేదు.

దానికి బదులు ఇంకోటి జరిగింది. వారం తిరగకుండా సిబ్బంది సమావేశంలో మేనేజరు లేచి, మేడమ్ హాలుకు తనిఖీకి వెళ్ళి, ఒక పెద్దాయన పరిస్థితి గమనించి, సమయానికి కిందికి చేర్చబట్టి ప్రాణం నిలబడింది అని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నన్ను ముందుకు పిలిచి శాలువా కప్పారు. మే నెలలో ఆ శాలువా కప్పుకుని ఫోటోకు నిలబడ్డాను. ఎమర్జెన్సీ డాక్టరు వెనక వరుసలో చేతులు కట్టుకుని ఉంది. భాయ్ నేల చూపులు చూస్తున్నాడు. ఆ రోజు ఉన్నదున్నట్టు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చప్పట్లు ఆగేదాకా నిలబడి, థాంక్స్ చెప్పి, వచ్చి కూర్చున్నాను.

ముసలాయన బతికాడు. అయితే ముందున్నట్టు కాలేదు. మాట నత్తినత్తిగా వచ్చేది. నిలబెడితే తూలిపోయేవాడు. మెల్లగా బాగవ్వొచ్చు, కాకపోవచ్చు అన్నారు డాక్టర్లు. కొడుకు ఐసీయూలోంచి వార్డుకు వచ్చాడు. ముసలామె ఒక వార్డులో కొడుకుకూ ఇంకో వార్డులో మొగుడికీ అన్నం తినిపిస్తూ రెండు అంతస్తుల మధ్య తిరుగుతూ ఉండేది. నేనెక్కడ కనబడినా ఆగి నా చేయి పట్టుకునేది. పక్కవాళ్ళను పిలిచి మరీ చెప్పేది.

"ఈయమ్మే. ఆ దినం ఈయమ్మ వచ్చి నా పక్కన కూచోకుంటే నా మొగుడు నాకు దక్కేటోడు కాదు."

కొన్నాళ్ళకు నేను వెనక మెట్ల మీంచి తిరగడం మొదలుపెట్టాను. యాభై దాటిన మనిషిని, ఆసుపత్రి మొత్తాన్ని బేస్‌మెంట్‌లోంచి ఆడించేదాన్ని, ఒక ముసలామె కంట పడకుండా చెత్త దించే మెట్లు దిగేదాన్ని.

మీలో చాలామంది నాకంటే మంచి యంత్రాలతో పనిచేస్తున్నారు. ఊపిరి తీసినా పట్టుకునే సెన్సర్లు వచ్చాయని ఒకబ్బాయి చెప్పాడు. సంతోషం. ఆ రోజుల్లో అవి ఉండి ఉంటే ఆ ముసలాయన బాగుండేవాడా అని ఆలోచిస్తాను. ఉండేవాడేమో. కానీ నా దగ్గర అంతకంటే మంచివి అప్పుడే ఉన్నాయి. నర్సులు ఫోన్ చేశారు. భాయ్ వచ్చి చెప్పాడు. హాలులో జనం చెప్పారు. వాటిని వద్దనుకుని తెర చూశాను. తెర చూడడంలో ఒక సుఖం ఉంది. అది మనం రాసిపెట్టిన మాటే మనకు తిరిగి చెబుతుంది.

వాళ్ళను ఇంటికి పంపేరోజు భాయ్ వచ్చి చెప్పాడు. "కోసిగోళ్ళు పోతాండారు మేడమ్." ఈసారి ముందు మెట్ల మీంచే వెళ్ళాను.

ముఖద్వారం దగ్గర జీపు కోసం చూస్తున్నారు. కొడుకు తలకు కట్టుతో ఒక చక్రాల కుర్చీలో, తండ్రి ఇంకో కుర్చీలో ఉన్నారు. ముసలాయన నన్ను చూసి నవ్వబోయాడు. పెదవి ఒక పక్కకు జారింది. ముసలామె మూటలు కింద పెట్టి వచ్చి ఎప్పటిలాగే నా చేయి పట్టుకుంది.

"పోయొస్తాం తల్లీ. మా ఊరికి రా ఒకసారి. మాకేమున్నా లేకున్నా నీకు రొట్టె చేసి పెడతా."

"అమ్మా, నీకొక మాట చెప్పాల" అన్నాను.

"చెప్పు తల్లీ."

"ఆ హాలులో గాలి పోతాండెనే, అది దానంతట అది పోలేదు. ఆగిపోయేటట్టు చేసింది నేను."

ఆమెకు అర్థం కాలేదు. నా ముఖం చూస్తూ నిలబడింది.

"ఎందుకమ్మా?"

"మనుషులు లేని చోట కరెంటు దండగ కాకూడదని. ఆడ ఎవరూ లేరనుకున్నా. హాలు ఖాళీగా ఉందనుకున్నా."

ఆమె నా చేయి ఇంకా పట్టుకునే ఉంది. కుర్చీలో మొగుడి వైపు చూసింది. మళ్ళీ నా వైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం ఉండి ఉంటే నాకు సులువయ్యేది. నా కోసం ఏదో ఒక సాకు వెతుకుతున్నట్టుగా ఉంది ఆ ముఖం. చివరికి దొరికినట్టుంది.

"మేమంతమందిమి ఆడ ఉండామని నీకెవరూ చెప్పలేదేమో కదా తల్లీ?"

జీపు వచ్చి ఆగింది. డ్రైవరు మూటలు ఎత్తుతున్నాడు. అవునని ఒక్క మాట అంటే చాలు, ఆమె నన్ను దీవించి జీపెక్కేది.

"చెప్పినారమ్మా" అన్నాను. "శానాసార్లు చెప్పినారు."

ఆమె నా చేయి వదిలింది. పోయి మొగుడి భుజం మీద తువ్వాలు సర్ది, డ్రైవరుతో కలిసి అతన్ని లేపి, జీపులో కూర్చోబెట్టింది.